తేటగీతిలో పురుగులు

విజయనగరంలో నేనుండే వీధి చివర ఒక కల్యాణమండపం ఉంది. పెళ్ళైన మర్నాడు పనివాళ్ళు పూలన్నీ తెచ్చి వెనకగోడ పక్కన పారబోస్తారు. రెండోరోజుకి ఆ కుప్ప లోపల్నించి వేడెక్కి గోధుమరంగుకి తిరుగుతుంది. లిల్లీలు, చామంతులు, గులాబీలు కలిసి కుళ్ళే వాసన దూరానికి తియ్యగా ఉంటుంది, దగ్గరకొస్తే ముక్కు పగులుతుంది. మొన్న పాలకోసం అటు వెళ్తూ ఆ కుప్ప దగ్గర ఆగిపోయాను. వెనకొస్తున్న ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "అక్కడ నిలబడిపోనారేటండీ, కంపు కదా!" అంది. నేను ఆ వాసనకి మాట వెతుకుతున్నానని ఆవిడకెలా చెప్పను? తీపినీ కుళ్ళునీ విడదీయకుండా ఒక్కమాటలో పట్టుకోవాలని నాకు నేర్పిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన పేరు రత్నంగారు. ఆయన దగ్గర నేర్చుకున్న చదువుతోనే ఆయన్ని ముంచాను.

అరవైల చివర్లో నౌపడ దగ్గర ఒక ఉప్పు కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మాది రాజాం పక్కన పల్లెటూరు. బి.ఏ. పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, కవిని అవుదామనుకుంటూ ఉద్యోగంలో పడ్డవాణ్ణి. ఆఫీసంటే ఒక పెంకుటిల్లు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలుతుండేవి. కిటికీలోంచి చూస్తే కనుచూపుమేర ఉప్పుమడులు, వాటి గట్లమీద తెల్లటి కుప్పలు. రత్నంగారు మా హెడ్ గుమాస్తా. యానాం మనిషి. యానాం ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండగా అక్కడి బడిలో ఫ్రెంచి చదువుకున్నారు. అక్కడి కచేరీలో ఉద్యోగం వస్తుందనుకునేసరికి దొరలు మూటాముల్లే సర్దుకున్నారు. "వెళ్తూ వెళ్తూ నా ఉద్యోగం పట్టుకుపోయాడోయ్ దొర. వాళ్ళ కవిని మాత్రం నా దగ్గర మర్చిపోయాడు" అనేవారు. ఆ కవి పుస్తకం ఆయన సొరుగులో ఉండేది. అట్ట ఊడిపోతే సిమెంటు సంచీ కాగితంతో కొత్త అట్ట వేసుకున్నారు.

ఆయన మంచివాడని రాయాలని ఉంది గానీ, అలా రాస్తే ఆయనకే నచ్చదు. నోటిదురుసు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరింట్లో ఎవరికెలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. నేను చేరిన నెలరోజులకి, వెన్నెల్లో ఉప్పుకుప్పల మీద ఒక గేయం రాసి భయంభయంగా ఆయనకి చూపించాను. వెన్నెల గడ్డకట్టి కుప్పలైందనీ, సముద్రుడు భూదేవికి ముత్యాల రాసులు పోశాడనీ రాశాను. ఆయన దాన్ని ఆఫీసందరికీ వినపడేలా గట్టిగా చదివారు. బిళ్ళబంట్రోతు కూడా నవ్వాడు. అంతా అయ్యాక చెప్పులు విప్పమన్నారు.

"ఎందుకండీ?"

"ముత్యాల రాసులన్నావు కదా. నడిచిరా. అదుగో, ఆ చివరి మడిదాకా."

ఎండలో ఉప్పుమడిలో దిగాను. పది అడుగులకి అరికాళ్ళు మండాయి. ఇరవై అడుగులకి వేళ్ళ సందున చర్మం చిట్లింది. తిరిగొచ్చి బల్ల ఎక్కి కూర్చుంటే ఆయన నా కాళ్ళవైపు చూసి, "ఇప్పుడు రాయి" అన్నారు. అవమానంతో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు పుట్టిన కసి నాలో ఎంతకాలం ఉందో అప్పట్లో నాకే తెలీదు. కానీ రాశాను. ఉప్పుని ఉప్పు అని రాయడం అదే మొదలు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక పాఠం. ఆ సొరుగులోని పుస్తకం వందేళ్ళ కిందట పారిస్‌లో బతికిన కవిది. రోగంతో, మత్తుతో శిథిలమై నడివయసులోనే పోయాడు. రాసిన పద్యాలు నీతికి విరుద్ధమని కోర్టులో నిలబెట్టారు కూడా. రత్నంగారు ముందు ఫ్రెంచిలో చదివేవారు. నాకు ఒక్కముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆ గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేని నడక తెలిసేది. తర్వాత తెలుగులో చెప్పేవారు. చెప్పేదేమో శవాలు, పురుగులు, మురుగుకాలవలు, పాపం చేసి చేసి అలిసిపోయిన మనుషులు. వినడానికి ఒళ్ళు జలదరించేది.

"ఇలాంటివి రాసేవాళ్ళు మనకీ ఉన్నారు కదండీ, బూతు రాసేవాళ్ళు" అన్నాను ఒకసారి.

"ఉన్నారు. వాళ్ళకి కంపు కనపడగానే ఛందస్సు వదిలేసి పరిగెడతారు. ఇతను పరిగెత్తడు. పట్టుపంచె కట్టుకుని పూజకి కూర్చున్నట్టు కూర్చుంటాడు కుళ్ళు ముందు. ప్రాస తప్పదు, పాదం తప్పదు. పురుగుని గురించి రాసేటప్పుడే యతి తప్పకూడదోయ్ సూర్యం. తప్పితే అది నీ భయం."

ఇంకోనాడు అన్నారు: "ఇతను ఏడవడు. గమనించావా? మనవాళ్ళు చావు రాస్తే ఆకాశం ఏడుస్తుంది, చెట్లు ఏడుస్తాయి, చదివేవాడు కళ్ళు తుడుచుకుని హాయిగా భోంచేస్తాడు. ఇతను చదివేవాణ్ణి బయట కూర్చోనివ్వడు. తప్పులో వాటా ఇస్తాడు."

ఆయన ఆ పద్యాలని తేటగీతుల్లోకి తెస్తున్నారు. ఒక బౌండు పుస్తకం నిండా కొట్టివేతలు. అందులో ఒకే మాట దగ్గర ఆరునెలలు ఆగిపోయారు. ఆ కవి తరచు వాడే మాట. విసుగు అందామంటే అది తేలిక మాట. నిర్వేదం పండితుల మాట. దిగులుకైతే కారణం ఉంటుంది. నిఘంటువులన్నీ తిరగేశారు. ఒక పొద్దున పైడమ్మ ఆఫీసు తుడుస్తోంది. పైడమ్మ మడుల్లో ఉప్పు మోసే కూలీ. పనికి దిగేముందు ఆఫీసు ఊడ్చి కుండలో నీళ్ళు పెట్టేది. మొగుడు లేడు, ఒక్కతే కూతురు. రత్నంగారు ఉన్నట్టుండి ఆవిణ్ణి అడిగారు. "పైడమ్మా, ఒంట్లో జబ్బు ఉండదు. ఆకలి ఉండదు, నిద్ర ఉండదు, ఏడుపు కూడా రాదు. ఏదీ అక్కర్లేదనిపిస్తుంది. దాన్ని మీరేమంటారు?"

ఆవిడ చీపురు ఆపి ఆలోచించింది. "దాన్నేటంటాం బాబూ... ఉసూరు. ఉసూరుమంటంది అంటాం. ఉప్పెండకి మాకు రోజూ ఉంటాది. నీడపట్టున కూకున్న మీకూ ఉంటాదేటి?"

రత్నంగారు పగలబడి నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదొక్కసారే. పుస్తకం తీసి ఆ మాట రాసి, కింద గీత గీశారు. "చూశావా, ఆరునెలలుగా నేను తప్పుడు మనుషుల్ని అడుగుతున్నాను" అన్నారు నాతో.

మరుసటేడు వేసవిలో పైడమ్మ చనిపోయింది. ఎలా చనిపోయిందో నేను చూశాను. మడుల దగ్గర తాగేనీళ్ళు ఉండవు. ఊళ్ళో బావినుంచి పీపాలతో ఎడ్లబండి రావాలి. అప్పుడు వరసగా రెండురోజులు బండి రాలేదు. మేనేజరుగారింట్లో పెళ్ళికి నీళ్ళు తోలడానికి వెళ్ళింది. కూలీలు అడిగారు, మేస్త్రీ కసిరాడు. రెండోరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక పైడమ్మ గంప నెత్తిన పెట్టుకుని గట్టుమీద నడుస్తుండగా మోకాళ్ళు వంగిపోయాయి. ముందు గంప పడింది, తర్వాత మనిషి పడింది. మొహం మడిలోని ఉప్పునీళ్ళలోకి ఆనింది. కూతురు గౌరి అప్పుడే అంబలి ముంత పట్టుకుని వచ్చి నిలబడి ఉంది. పద్నాలుగేళ్ళుంటాయేమో. మేం లేపి వెల్లకిలా తిప్పేసరికి పెదాలు తెల్లగా ఉప్పు కట్టి ఉన్నాయి. మడుల పక్కనున్న పాకలోకి మోసుకొచ్చేలోపలే ఈగలు వాలాయి.

రత్నంగారు ఊళ్ళో లేరు. తల్లికి బాగాలేదని యానాం వెళ్ళారు. సాయంత్రం మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మామూలుగా నావైపు చూడను కూడా చూడని మనిషి, ఆ రోజు కుర్చీ చూపించాడు.

"ఏటి సూర్యం, నువ్వు పత్రికలకి రాస్తావంట కదా. ఇదిగో, రిపోర్టు రాయాల. దానికి ముందునుంచే జెరం. అంతే. నీల్ల మాట వద్దు. నువ్వెలా రాస్తావో సూద్దాం."

నేను రాయనంటే ఏమయ్యేదో తెలీదు. ఉద్యోగం పోయేదేమో. కానీ నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఉద్యోగం గురించి ఆలోచించలేదు. నా రాత బాగుంటుందని మొదటిసారి ఒకరు అడిగి రాయించుకుంటున్నారు. రాశాను. "సదరు పైడమ్మ అను నామె పది దినములుగా విషజ్వరపీడితురాలై యుండియు, ఇంటివారి నిర్బంధముచే పనికి హాజరై, విధివశమున పరమపదించినది." జ్వరం మేనేజరు చెప్పింది. ఇంటివారి నిర్బంధం నాది. వాక్యానికి తూగు సరిపోలేదని వేశాను. పైడమ్మకి ఇంటివారంటే పద్నాలుగేళ్ళ గౌరి ఒక్కతే అన్న సంగతి ఆ తూగులో నాకు తట్టలేదు. మేనేజరు చదివి, "ఎంత బాగా రాసినావురా! సదివితే కల్లంట నీల్లొస్తన్నాయి" అన్నాడు. ఇంటికి నడిచి వెళ్తూ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. ఎంత సిగ్గుచేటైనా చెప్పాలి, నాకు సంతోషంగానే ఉంది.

నాలుగోనాడు రత్నంగారు వచ్చారు. రిపోర్టు నకలు చదివారు. నన్ను బయటికి తీసుకెళ్ళి గట్టుమీద నిలబెట్టి, "నువ్వేం చూశావో చెప్పు. చూసిందే చెప్పు" అన్నారు. చెప్పాను. అన్నీ చెప్పాను, బండి సంగతి, గంప సంగతి, ఈగల సంగతి. ఆ సాయంత్రమే ఆయన రెండు రాతలు రాశారు. ఒకటి శ్రీకాకుళంలో ఉన్న కార్మికాధికారికి, ఏడు వాక్యాల ఉత్తరం. రెండోది బౌండు పుస్తకంలో, ఆవిడ శవం మీద నాలుగు తేటగీతులు. అవి నాకు చూపించారు. ఈగలు, పెదాలమీద ఉప్పు, తెరిచిన కన్ను. ఒక్క విశేషణం ఎక్కువ లేదు. ఒక్క యతి తప్పలేదు. నేను చూసింది నాకంటే ఆయనకే ఎక్కువ కనపడింది. అంత ఈర్ష్య జీవితంలో మళ్ళీ ఎవరిమీదా పడలేదు.

అధికారి విచారణకి వచ్చాడు. కూలీలందరినీ ఆఫీసు ముందు కూర్చోబెట్టి నా రిపోర్టు గట్టిగా చదివించాడు. ఇంటివారి నిర్బంధం దగ్గరకొచ్చేసరికి ఆడవాళ్ళు తలలు తిప్పి గౌరివైపు చూశారు. ఆ పిల్ల లేచి, "మా యమ్మకి జెరం నేదు" అంది. మేస్త్రీ "కూకోయే" అని గదమాయించాడు. ఇంకెవరూ నోరు మెదపలేదు. అందరికీ మర్నాడు పని కావాలి.

తర్వాత లోపల గదిలో మేనేజరు అధికారితో, "మా హెడ్ గుమాస్తా ఉత్తరం పట్టించుకోవద్దండీ. ఆయన బుర్ర సరిగా లేదు. శవాలమీదా పురుగులమీదా పద్యాలు రాస్తాడు. కావాలంటే సూపిస్తాను" అని నావైపు తిరిగి, "సూర్యం, ఆ పుస్తకం ఆయన సొరుగులో ఉంటాది. పట్రా" అన్నాడు. రత్నంగారి కళ్ళముందే సొరుగు లాగి తెచ్చాను. చదవమన్నారు. చదివాను. రత్నంగారు నేర్పినట్టే, ఎక్కడా తొట్రుపడకుండా, యతి దగ్గర ఆగుతూ చదివాను. కుళ్ళిన మాంసం, పురుగుల చప్పుడు, పాపపు పరుపులు. అధికారి మొహం చిట్లించుకుని రుమాలు తీశాడు. "చాలు చాలు. ఇవన్నీ ఆయన రాసినవేనా?"

అవి ఒక దేశం తలకెత్తుకున్న కవి పద్యాలనీ, ఇది అనువాదమనీ, చివరి నాలుగు మాత్రం ఈ మడుల్లో నిన్నగాక మొన్న నేను కళ్ళారా చూసిన చావు అనీ చెప్పడానికి నాకు మూడు వాక్యాలు చాలు. అవి నాకు తెలుసు. తలుపు తెరిచి ఉంది. అవతల తన బల్ల దగ్గర రత్నంగారు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నారు, ఆయనకి అంతా వినపడుతోంది. ఉప్పుమడిలో నడిపించిన రోజు బిళ్ళబంట్రోతు నవ్విన నవ్వు నాకు గుర్తొచ్చింది.

"అవునండీ. చేతిరాత ఆయనదే" అన్నాను.

అందులో అబద్ధం లేదు. అందుకే దాన్ని ఈనాటికీ మింగలేకపోతున్నాను.

ఆయన ఉత్తరం మతిచలించినవాడి రాతగా ఫైలులో మూలపడింది. వైద్యపరీక్ష చేయించుకురమ్మని కంపెనీ ఆయనకి కాగితం ఇచ్చింది. ఆయన వెళ్ళలేదు, ఉద్యోగం వదులుకున్నారు. బయల్దేరిన రోజు నౌపడ స్టేషనుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకు స్పష్టంగా తెలీదు. తిడతారేమో, తిడితే తేలికపడతాననుకున్నానేమో. ఒక ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నారు.

"నీ రిపోర్టులో ఒక్క తప్పు లేదోయ్ సూర్యం" అన్నారు. "విభక్తులు సరిగ్గా ఉన్నాయి, సంధులు సరిగ్గా ఉన్నాయి. మనిషే లేదు."

"క్షమించండి మాస్టారూ."

"నన్నెందుకు అడుగుతావ్? నాకేమైంది? ఆ పిల్లనడుగు."

రైలొచ్చింది. పెట్టె అందించబోతే నా చెయ్యి తోసేసి తానే ఎక్కించుకున్నారు. శృంగవరపుకోటలో పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంటూ కొన్నాళ్ళు బతికారని తర్వాతెప్పుడో తెలిసింది. అక్కడే పోయారు. ఫ్రెంచి పుస్తకమూ, బౌండు పుస్తకమూ ఏమయ్యాయో ఎవరూ చెప్పలేకపోయారు. హెడ్ గుమాస్తా కుర్చీ నాకిచ్చారు. కవిగా నాకు కాస్త పేరు కూడా వచ్చింది. నా కవిత్వంలో కన్నీళ్ళు ఉండవని, చూపు నిబ్బరంగా ఉంటుందని ఒకాయన సభలో మెచ్చుకున్నాడు. శాలువా కప్పుతుంటే తలొంచుకున్నాను. వినయమనుకున్నారు.

ఆ పిల్లనడగమన్న మాట ముప్పై ఏళ్ళు దాటవేశాను. రిటైరయ్యాక ఒక పొద్దున బస్సెక్కి వెళ్ళాను. గౌరి ఆ ఊళ్ళోనే ఉంది. జుట్టు ముగ్గుబుట్టయింది. పెళ్ళి చేసుకోలేదు. ఇంటిముందు చేటలో ఎండుచేపలు ఏరుతోంది. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టలేదు. రిపోర్టు సంగతి చెప్పాను. జ్వరం అబద్ధమని, నీళ్ళబండి నిజమని, ఇంటివారి నిర్బంధమన్న మాట ఎవరూ చెప్పకుండా నేనే కల్పించి రాశానని, అందంకోసం రాశానని చెప్పాను. చేపలు ఏరే చెయ్యి ఆగింది.

"జెరంతో ఉన్న తల్లిని పనికి తోలి సంపేసినాదని ఊరంతా అన్నారు బాబూ నన్ను" అంది. "సంబంధం ఒస్తే అదే సెప్పీవోలు. పేరంటానికి ఎలితే ఎడంగా కూకోబెట్టీవోలు. నాకు తెలుసు మా యమ్మకి జెరం నేదని. పొద్దున్న ఎల్లినప్పుడు ఒల్లు సల్లగానే ఉన్నాది. కానీ కాయితంలో ఉన్నాది కదా అన్నారు. పోనుపోనూ నాకే అనుమానం ఒచ్చీసినాది, ఉన్నాదేమో, నానే సూసుకోనేదేమో అని."

ఊళ్ళో పెద్దల్ని పిలవమన్నాను, అందరి ముందూ చెప్తానన్నాను, కాగితంమీద రాసి సంతకం పెడతానన్నాను.

గౌరి నావైపు చూసింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుణ్ణనిపించింది.

"ఇప్పుడు ఎవులికి సెప్తావు బాబూ? ఆ మాట అన్నోలందరూ సచ్చిపోనారు."

మళ్ళీ చేపల్లోకి వంగింది. నేను వచ్చేశాను. నాకు వచ్చిన పుస్తకాలు, శాలువాలు ఎవరెవరికో ఇచ్చేశాను, నా కవితల్లో ఒక్క పాదం కూడా ఇప్పుడు గుర్తులేదు. గౌరి చివరగా అన్న ఆ మాట మాత్రం ఉంది. తీసేయడానికి అందులో ఒక్క అక్షరం దొరకదు.